ఆప్తుడెవరు? ఇంజిన్ ఆయిల్ విషయంలో ప్రమాణవిచారం

యథార్థజ్ఞానం మనిషికి ఏ మార్గాన కలుగుతుందన్న ప్రశ్నకు న్యాయదర్శనం నాలుగు ప్రమాణాలను సమాధానంగా చెప్పింది. కంటితోనో చెవితోనో నేరుగా తెలుసుకోవడం ప్రత్యక్షం. కనబడే గుర్తును పట్టుకొని కనబడనిదానిని నిశ్చయించడం అనుమానం. తెలిసిన వస్తువుతో పోలికను బట్టి తెలియని వస్తువును గుర్తించడం ఉపమానం. నమ్మదగినవాని మాట వలన తెలుసుకోవడం శబ్దం. కుండ, కొండమీది పొగ, అడవిలోని గవయమృగం వంటి ఉదాహరణలతో గ్రంథాలు వీటిని బోధించాయి కాని, ఆ ఉదాహరణలు విద్యార్థుల నోళ్లలో నలిగి నలిగి పదును కోల్పోయాయనడం తప్పు కాదు. ప్రమాణాల బలాబలాలు నిజంగా తేలాలంటే, మనిషి డబ్బు పెట్టి నిర్ణయం తీసుకోవలసి ఉండి, ఆ నిర్ణయం ఒప్పో తప్పో ఏళ్ల తరబడి బయటపడని వ్యవహారమేదైనా కావాలి. ఇంజిన్‌లో ఏ ఆయిల్ పోయాలి, దానిని ఎప్పుడు మార్చాలి అనే రెండు ప్రశ్నలు అటువంటివి. చూడడానికి చిన్నవే అయినా వీటికి తనంతట తాను సమాధానం కనుగొనగల యజమాని దాదాపు లేడు కనుక, ఎవరి మాట వినాలి, ఎందుకు వినాలి అన్న శబ్దప్రమాణ చర్చ అంతా వీటిలో దాగి ఉంది.

ముందు వస్తుస్వరూపం. ఇంజిన్ ఆయిల్ ఒకే పదార్థం కాదు. ముడిచమురు నుండి శుద్ధి చేసిన, లేదా రసాయనికంగా తయారుచేసిన మూలతైలం అందులో అధికభాగం కాగా, మసి ఒకచోట గడ్డకట్టకుండా దానిని ఆయిల్‌లోనే చెదరగొట్టి ఉంచే పదార్థాలు, దహనంలో పుట్టే ఆమ్లాలను విరిచే కాల్షియం, మెగ్నీషియం సమ్మేళనాలు, లోహం లోహాన్ని ఒరుసుకునే చోట రక్షణపొరగా ఏర్పడే జింకు సమ్మేళనం, వేడికి ఆయిల్ మరీ పలచబడకుండా చూసే పాలిమర్లు మిగిలిన భాగం. ఆయిల్ పాడవడమంటే ఇవన్నీ ఒకేసారి, ఒకే వేగంతో పాడవడం కాదు. ఆమ్లాలను విరిచే క్షారశక్తి తరుగుతుంది. మూలతైలం ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడుతుంది. కాలని పెట్రోలు చేరి పలచబడుతుంది. పాలిమర్ల గొలుసులు తెగుతాయి. చిక్కబడడం, పలచబడడం ఒకే ఆయిల్‌లో ఏకకాలంలో జరిగి ఒకదానినొకటి కప్పిపుచ్చినప్పుడు, లోపల రెండు దోషాలు ఉన్నా పైకి ఏ దోషమూ లేనట్టే ఉంటుంది.

ఇటువంటి వస్తువు ముందు ప్రత్యక్షం ఎంతవరకు పనిచేస్తుంది? డిప్‌స్టిక్‌ను బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ చివరిదాకా దించి తీస్తే, దాని కొనవద్ద ఉన్న రెండు గీతల నడుమ తడి ఎక్కడిదాకా ఉందో కన్ను నిస్సందేహంగా చూస్తుంది. ఆయిల్ మట్టం విషయంలో కంటిని మించిన ప్రమాణం లేదు. కూలెంట్ నీళ్లు కలిసి ఆయిల్ తెల్లటి నురగగా మారినా కన్నే పట్టుకుంటుంది. చిక్కు అక్కడ కాదు, చూసేవాడు మట్టంతో ఆగకుండా రంగును కూడా చూసి, ఆయిల్ నల్లబడింది కనుక పాడైందని తీర్మానించడంలో ఉంది. అది ప్రత్యక్షం కాదు, ప్రత్యక్షం ముసుగు వేసుకున్న అనుమానం, పైగా దుష్టానుమానం. తేనెరంగులో ఉన్న కొత్త ఆయిల్ డీజిల్ ఇంజిన్‌లో కొద్ది గంటలకే నల్లబడుతుంది, ఎందుకంటే మసిని గోడలకు అంటుకోనివ్వకుండా తనలో కలుపుకొని మోయడమే దాని పని. నలుపు బాగున్న ఆయిల్‌లోనూ ఉంటుంది, పాడైన ఆయిల్‌లోనూ ఉంటుంది. నిరూపించవలసిన ధర్మం, అంటే సాధ్యం, ఉన్నచోటా లేనిచోటా కూడా కనబడే హేతువును తార్కికులు సవ్యభిచారమన్నారు. పాఠం వల్లించేవారు మరచినా ఆయిల్ రంగు ఆ హేత్వాభాసను, అంటే హేతువులా కనబడే దోషాన్ని, రోజూ గుర్తుచేస్తూనే ఉంటుంది.

అనుమానంలో ఇంతకంటె సూక్ష్మమైన పొరపాటు ఇంకొకటుంది. అది మెకానిక్ షెడ్డులలో తరతరాలుగా సిద్ధాంతంలా చలామణి అవుతున్నది. ఎండలు మండే ప్రాంతంలో ఆయిల్ పలచబడుతుంది, కనుక రెంటచింతల, రామగుండం వంటి చోట్ల తిరిగే బండికి చిక్కటి ఆయిలే మేలన్నది ఆ వాదం. దీనిని పరిశీలించే ముందు డబ్బా మీది అంకెల అర్థం తెలియాలి. 5డబ్ల్యూ-30 అన్నప్పుడు డబ్ల్యూ ముందున్న అంకె చలిలో స్టార్ట్ అయ్యేటప్పటి ప్రవర్తనను, తరువాతి అంకె ఇంజిన్ వేడెక్కాక ఉండే చిక్కదనాన్ని తెలుపుతాయి. రెండవదానిని 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలుస్తారు, ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘమైన ఎస్.ఎ.ఇ. ప్రమాణపత్రం ప్రకారం 30 తరగతి ఆయిల్ చిక్కదనం ఆ వేడి వద్ద 9.3 సెంటీస్టోకులకు తగ్గకుండా, 12.5కు లోపల ఉండాలి. చిక్కదనం, అంటే శాస్త్రపరిభాషలో స్నిగ్ధత, ద్రవం పారడానికి చూపే నిరోధం; సెంటీస్టోకు దానికి కొలమానం.

బయట 45 డిగ్రీలున్నా 20 డిగ్రీలున్నా, నేటి కారులోని కూలెంట్‌ను థర్మోస్టాట్ దాదాపు 90 డిగ్రీల దగ్గర నిలుపుతుంది, ఆయిల్ కూడా ఎక్కువసేపు దాని పరిసరాలలోనే ఉంటుంది. ఎండ ఇంజిన్ బయట ఉంది, ఆయిల్ చూసే వేడి వేరు. అయితే ఆ వాదం పూర్తిగా కల్పితం కాదు, గాలితో చల్లబడే ఇంజిన్లలో ఎండకు ఆయిల్ వేడి పెరగడం నిజం. భాగాల మధ్య ఖాళీలు విశాలంగా ఉన్న పాత ఇంజిన్లకు 20డబ్ల్యూ-50 సరిపడిందీ నిజమే. ఇటువంటి చోట సూత్రం వెనుక దాగిన షరతుకు న్యాయదర్శనం ఉపాధి అని పేరు పెట్టింది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని చెప్పడం తప్పు, పచ్చికట్టెలు కలిసిన నిప్పు ఉన్నచోటనే పొగ ఉంటుంది. ఆ పచ్చికట్టెల కలయిక వంటి మరుగుపడిన షరతే ఉపాధి. ఎండకు చిక్కటి ఆయిల్ అనే సూత్రంలో ఉపాధి గాలితో చల్లబడే ఇంజిన్, ఖాళీలు విశాలంగా ఉన్న పాత ఇంజిన్. ఆ ఉపాధి పోయాక కూడా సూత్రం మిగిలింది. నేటి ఇంజిన్‌లో వాల్వులు తెరుచుకునే వేళలను మార్చే యంత్రాంగం సన్నని దారులలో పారే ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది కనుక, అక్కడ అవసరానికి మించిన చిక్కదనం రక్షణ కాదు, ఆటంకం. బేరింగుల ఖాళీలను ఏ చిక్కదనానికి లెక్కకట్టారో ఆ చిక్కదనమే వాటికి సరి. ఎస్.ఎ.ఇ. 2013లో 16 తరగతిని, 2015లో 12, 8 తరగతులను చేర్చిందంటే పలచటి ఆయిల్‌కు తగినట్టు కొత్త ఇంజిన్లను రూపొందిస్తున్నారనే అర్థం. అంతేగాని పాత ఇంజిన్‌లో కూడా అదే పోయవచ్చునని కాదు. ఇంజిన్ వేరైనా మోడల్ పేరు ఒకటే కదా అని పక్కింటివారి కారును చూసి ఆయిల్ ఎంచుకోవడం ఉపమానానికి పేరుచెడు తేవడమే. దానిని ఇంతటితో వదలవచ్చు.

ఇక, ఎన్నో ఏళ్లుగా ఇదే ఆయిల్ ఇలాగే వాడుతున్నా ఏమీ కాలేదన్న మాట ఉన్నది. ఇది అనుభవంలా వినిపిస్తుంది కాని, తార్కికంగా ఇది అభావాన్ని గురించిన వాదం: నష్టం కనబడలేదు కనుక నష్టం లేదు. కుమారిలభట్టు అనుయాయులైన మీమాంసకులు, అద్వైతులు కనబడకపోవడాన్ని, అంటే అనుపలబ్ధిని, ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు. కాని ఒక కట్టుబాటుతో. వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక కనబడి ఉండేదన్న యోగ్యత ఉన్నప్పుడే కనబడకపోవడం లేకపోవడానికి సాక్ష్యం. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదు. చీకటిగదిలో కనబడకపోతే ఏమీ తేలదు. కామ్‌షాఫ్టు మీద, టైమింగ్ చైను కీళ్లలో జరిగే అరుగుదల కారులో కూర్చున్నవాని చెవికి వినబడదు, పెట్రోలు ఖర్చులో వెంటనే తెలియదు. ఆయిల్ నమూనాను పరీక్షశాలకు పంపి ఇనుము, రాగి, దుమ్ముతో వచ్చే సిలికాన్ పదిలక్షల పాళ్లలో ఎన్ని పాళ్లున్నాయో కొలిపించినప్పుడు మాత్రమే ఆ గదిలో దీపం పెట్టినట్టవుతుంది. లారీ, గనుల యంత్రాల యాజమాన్యాలు ఆ పరీక్షలు చేయించుకుంటాయి. నాలుగైదు లీటర్ల ఆయిల్ పట్టే కారు యజమానికి పరీక్ష కంటె ఆయిల్ మార్చడమే తేలిక కనుక, అతనికి ఆ గది ఎప్పటికీ చీకటిగదే.

మిగిలింది శబ్దం. న్యాయసూత్రాలు రచించిన గౌతముని సూత్రం ఆప్తుని, అంటే నమ్మదగినవాని, ఉపదేశాన్ని శబ్దమంది. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో యథార్థం పలికేవాడే ఆప్తుడని క్లుప్తంగా తేల్చాడు. గౌతముని సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యం ఇంకా ముందుకు వెళ్లింది. విషయాన్ని స్వయంగా తెలుసుకొని ఉండడం, ప్రాణుల పట్ల దయ ఉండడం, తెలిసినది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉండడం ఆప్తుని లక్షణాలని వివరించి, ఈ లక్షణం ఋషులకు, ఆర్యులకు, మ్లేచ్ఛులకు సమానమేనన్నది. ఆ కాలపు సమాజంలో ఈ చివరి మాట ఎంత సాహసమైనదో వేరే చెప్పనక్కరలేదు. మాట విలువ పలికినవాని పుట్టుకలోనో పదవిలోనో లేదు, ఆ ఒక్క విషయంలో అతనికున్న తెలివిడిలో, ఉద్దేశంలో ఉన్నది.

ఈ గీటురాయి మీద ఆయిల్ గురించి మాట్లాడే ఒక్కొక్కరిని గీసి చూడవచ్చు. మెకానిక్‌కు సాక్షాత్తు జ్ఞానం ఉంది: ఇంజిన్ విప్పి, అడుగున తారులా పేరుకున్న మడ్డిని చేత్తో తీసినవాడు అతడే. కాని అతని దగ్గరికి వచ్చేవి చెడిన ఇంజిన్లు. చెడకుండా తిరిగేవి అతనికి విప్పి చూసే అవసరం రాదు కనుక, ఆయిల్ త్వరత్వరగా మార్చాలన్న అతని నిశ్చయం నిజాయతీ గలదే అయినా ఒకవైపే చూసినది. ఆయిల్ మార్చినప్పుడల్లా సంపాదన పొందే సర్వీసు కేంద్రానికి జ్ఞానం ఉన్నా, తెలిసినది తెలిసినట్టు చెప్పాలన్న కోరికకు అడ్డం ఉంది. కారు తయారీదారుకు అందరికంటె ఎక్కువ తెలుసు. నెలల తరబడి ఇంజిన్లను బెంచీ మీద నడిపి, విప్పి కొలిచినది ఆ సంస్థే. అయితే దానికీ స్వప్రయోజనం లేకపోలేదు. పలచటి ఆయిల్ మైలేజీ లెక్కలను మెరుగుపరుస్తుంది, ఆయిల్ మార్పిడుల మధ్య దూరం పెరిగితే నిర్వహణ ఖర్చు తక్కువని ప్రకటించుకోవచ్చు, ఇంజిన్ వారంటీ కాలం గడిచేదాకా నిలిస్తే సంస్థ చేతికి మట్టి అంటదు. అయినా కారుతో పాటు తయారీదారు ఇచ్చే యజమాని పుస్తకంలోని మాటకే పెద్దపీట వేయక తప్పదు, ఎందుకంటే అందులో తప్పు ఉంటే వారంటీ రూపంలో దాని శిక్ష ముందు పలికినవానికే పడుతుంది. సలహా ఇచ్చే మరెవరికీ ఆ భయం లేదు. భూతదయ లేనిచోట బాధ్యత కొంతమేరకు దాని పని చేస్తుందని చెప్పవచ్చు. వాత్స్యాయనుడు దీనికి ఒప్పుకునేవాడా అన్నది వేరే చర్చ.

డబ్బా మీది మాటలను చదవడంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. సింథటిక్ అన్న మాటే చూస్తే, ముడిచమురును హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసిన మూలతైలాన్ని కూడా ఆ పేరుతో అమ్మవచ్చునని అమెరికాలోని జాతీయ ప్రకటనల విభాగం 1999లో ఒక వివాదంలో అభిప్రాయపడిన తరువాత, ఆ పదం మూలతైలం పుట్టుకను గట్టిగా చెప్పడం మానేసింది. ధర గురించి చెప్పినంతగా అది గుణం గురించి చెప్పదు. దానికంటె అమెరికా పెట్రోలియం సంస్థ ఎ.పి.ఐ. వేసే ముద్ర, తయారీ సంస్థ ఆమోదసంఖ్య బరువైన శబ్దాలు, ఎందుకంటే వాటి వెనుక నిర్ణీత పరీక్షలున్నాయి. 2020 మే నుండి అమలులోకి వచ్చిన ఎ.పి.ఐ. ఎస్.పి. తరగతి, చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్లలో తక్కువ వేగం దగ్గర ఇంధనం వేళకు ముందే అంటుకొని పిస్టన్‌ను దెబ్బతీసే దోషాన్ని అరికట్టడానికి, టైమింగ్ చైను అరుగుదల తగ్గించడానికి ప్రత్యేక పరీక్షలు పెట్టింది. అదే సంవత్సరం ఏప్రిల్ 1 నుండి భారతదేశంలో బీఎస్-6 ఉద్గార నిబంధనలు వచ్చి, డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ చేరింది. ఆ ఫిల్టర్‌లోని మసి కాలిపోతుంది కాని, ఆయిల్‌లోని కాల్షియం, జింకుల నుండి వచ్చే బూడిద కాలదు, పేరుకుంటుంది, అందుకే ఐరోపా కార్ల తయారీదారుల సంఘమైన ఎ.సి.ఇ.ఎ. నిర్ణయించిన సీ2, సీ3 తరగతుల ఆయిళ్లలో బూడిద 0.8 శాతం మించరాదని కట్టడి. పాత డీజిల్‌కు గొప్పదైన ఆయిల్ కొత్త డీజిల్‌కు హాని చేయడానికి కారణం ఇదే. సంస్థ ఆమోదించినదని రాయడానికీ, ఆ సంస్థ కార్లకు అనువైనదని రాయడానికీ చాలా తేడా ఉంది: మొదటిది సంస్థ పలికిన మాట, రెండవది అమ్మేవాడు పలికిన మాట.

పెద్దల మాట కూడా శబ్దమే. అమెరికాలో 3,000 మైళ్లకు, ఇక్కడ 5,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలన్న నియమం ఒకప్పుడు ఆప్తవాక్యమే. అప్పటి మూలతైలం, కార్బురేటర్ ఇంజిన్ దానికి విషయం. విషయం మారినా మాట నిలిచిపోవడంతో, కాలిఫోర్నియా రాష్ట్రప్రభుత్వం వ్యర్థమయ్యే ఆయిల్‌ను తగ్గించడం కోసం, అంత తరచుగా మార్చనక్కరలేదు, మీ పుస్తకం చూసుకోండి అని ప్రచారమే చేయవలసి వచ్చింది. ఆప్తుడు అబద్ధమాడలేదు. విన్నవాడు ఆ మాటకు హద్దు ఉందని మరచాడు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఎదురవుతుంది. జ్ఞానం యథార్థమని తెలిసేది దానిని అనుసరించి చేసిన పని ఫలించినప్పుడేనని నైయాయికులు అంటారు. నీరు అనుకున్నది తాగితే దాహం తీరాలి. దీనినే పరతఃప్రామాణ్యం, అంటే ప్రామాణ్యం వెలుపలి నుండి తెలియడం అంటారు. ఆయిల్ విషయంలో ఫలం లక్షన్నర కిలోమీటర్ల తరువాత గాని తేలదు, అప్పటికి కారు చేతులు మారి ఉంటుంది. ఫలం చూసి నమ్మడం కుదరని చోట నమ్మకానికి ఆధారమేమిటి? దోషం బయటపడేదాకా జ్ఞానం స్వతహాగానే ప్రమాణమని, పలికినవానిలో లోపమో, విరుద్ధజ్ఞానమో ఎదురైనప్పుడు మాత్రమే అది చెదురుతుందని కుమారిలుని పక్షం. రోజువారీ జీవితం చాలావరకు ఈ పద్ధతిలోనే నడుస్తుంది కాని, పుస్తకం ఒక మాట, సర్వీసు కేంద్రం మరొక మాట చెప్పినప్పుడు విరుద్ధజ్ఞానం అప్పటికే ఎదురై ఉంది కనుక, ఈ పక్షం అక్కడ సాయపడదు. న్యాయసూత్రాల రెండవ అధ్యాయం వేరే దారి చూపింది. కంటికి కనబడని ఫలాలను గురించిన వేదవాక్యాలను ఎందుకు నమ్మాలన్న ప్రశ్నకు, ఆయుర్వేదం వంటి కనబడే ఫలమున్న విషయాలలో ఆ ఆప్తుల మాట నిజమైంది కనుక అన్నది ఆ సమాధానం. వేదం విషయంలో ఈ వాదం ఎంత నిలుస్తుందన్నది మతాచార్యులు తేల్చుకోవలసినది. కారు పుస్తకం విషయంలో మాత్రం అది చక్కగా నిలుస్తుంది: టైర్లలో గాలి ఎంతో, బ్రేక్ ద్రవం ఏ రకమో, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లో చెప్పిన ప్రతి పుటా యజమాని చేతిలో పరీక్షకు నిలిచినప్పుడు, పరీక్షకు అందని పుటకూ ఆ గౌరవం దక్కడం గుడ్డినమ్మకం కాదు.

అయితే ఆ పుటను చాలామంది సగమే చదువుతారు. 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది అన్న సామాన్యవిధి కింద, చిన్న అక్షరాలలో, దుమ్ములో తిరిగేవారు, ఇంజిన్ వేడెక్కకముందే ఆగిపోయే చిన్న ప్రయాణాలు చేసేవారు, రద్దీలో నిలిచి నిలిచి కదిలేవారు ఆ గడువును తగ్గించుకోవాలన్న అపవాదం, అంటే మినహాయింపు, ఉంటుంది. విధివాక్యం చదివినప్పుడు అది ఎవరికోసం చెప్పినదో, అంటే అధికారి ఎవరో, ముందు తేల్చాలని మీమాంసకులు పట్టుబట్టడం ఇందుకే. రహదారి మీద సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 10,000 కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ పనిచేసినది సుమారు 167 గంటలు. హైదరాబాదు రద్దీలో సగటున 20 కిలోమీటర్ల వేగంతో అంతే దూరం తిరిగినది పనిచేసినది 500 గంటలు. మీటరు రెండింటికీ ఒకే అంకె చూపుతుంది. పైగా ఇంటి నుండి రెండు కిలోమీటర్ల దూరంలోని బడికి వెళ్లివచ్చే కారులో, ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరై పోవడానికి తగిన వేడి ఎన్నడూ పుట్టదు. తక్కువ తిప్పిన బండి కాబట్టి ఆయిల్ బాగుంటుందనుకునే యజమానే అపవాదానికి అసలైన అధికారి, తాను సామాన్యుణ్ణని అతని ధీమా.

జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో షర్లీ ష్వార్ట్స్ అనే రసాయనశాస్త్రవేత్త ముఖ్యపాత్ర వహించగా 1980ల చివర కార్లలోకి వచ్చిన ఆయిల్ ఆయుర్దాయ సూచిక ఈ చిక్కును కొంత విప్పింది. అది ఆయిల్‌ను ముట్టుకొని చూడదు; ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఆయిల్ ఎంత వేడిలో పనిచేసింది అన్న లెక్కను బట్టి మిగిలిన ఆయుస్సును శాతంలో చూపుతుంది. అంటే అది ప్రత్యక్షం కాదు, మంచి హేతువులతో కూర్చిన అనుమానం. దానిలోనూ ఒక ఉపాధి దాగి ఉంది: చెప్పిన తరగతి ఆయిలే పోశారని, మట్టం తగ్గలేదని, మార్చినప్పుడే సూచికను తిరిగి నూటికి తెచ్చారని ఆ యంత్రం నమ్మి లెక్క వేస్తుంది. ఆయిల్ మార్చకుండానే మీట నొక్కితే అది నిస్సంకోచంగా నూరు చూపుతుంది.

ఇక్కడికి వచ్చేసరికి చర్చ తలకిందులవుతుంది. ఎవరి మాట నమ్మాలని యజమాని అడుగుతున్నంతసేపు అతడు వినేవాడు మాత్రమే. కాని పుస్తకంలోని విధి తనకు వర్తిస్తుందో అపవాదం వర్తిస్తుందో తేల్చగల సాక్షి అతడొక్కడే, తన ప్రయాణాల తీరు అతనికి మాత్రమే ప్రత్యక్షం. సర్వీసు కేంద్రంలో బండి ఎక్కడెక్కడ తిరుగుతుందని అడిగినప్పుడు అతడిచ్చే సమాధానం కూడా శబ్దమే, దానికీ వాత్స్యాయనుడు చెప్పిన లక్షణాలు ఉండాలి. ఇంకొన్నేళ్లకు కారు అమ్మకానికి పెట్టినప్పుడు ఈ సంగతి పూర్తిగా బయటపడుతుంది. కొనేవాడు ఆయిల్ మూత తిప్పి, లోపలివైపు గట్టిపడిన గోధుమరంగు పొర ఉందా లేదా అని వేలితో గీకి చూస్తాడు. అతని ప్రత్యక్షం అంతవరకే. ఆయిల్ ఏ తరగతిదో, ఎప్పుడెప్పుడు మార్చారో, నడుమ ఒక ఏడాది బండిని కదపకుండా ఉంచి ఆ సర్వీసు ఎగ్గొట్టారో లేదో అతడు అమ్మేవానిని అడిగే తెలుసుకోవాలి. సర్వీసు పుస్తకంలోని ముద్రలు కొంత చెబుతాయి కాని, ముద్రకూ ముద్రకూ మధ్య జరిగినది చెప్పవలసింది పాత యజమానే. ఆ క్షణాన అతనికి జ్ఞానం పూర్తిగా ఉంది, ప్రయోజనం అడ్డుగా ఉంది, దయ ఉందో లేదో ఎదుటివానికి తెలిసే మార్గం లేదు.